హెయిర్ కలర్: బ్యూటీషియన్‌కు తెలియాల్సిన కెమిస్ట్రీ

శాశ్వత హెయిర్ కలర్ ప్యాక్‌లో సాధారణంగా రెండు భాగాలుంటాయి. ఒకటి కలర్ క్రీమ్, రెండోది డెవలపర్. వాటిని ముందే కలిపి ఎందుకు అమ్మరు? బ్యూటీషియన్ కోర్సు చేసేవారు మొదట తెలుసుకోవాల్సింది ఇదే.

ఈ రంగు డబ్బాలో సిద్ధంగా ఉండదు, వెంట్రుక లోపల తయారవుతుంది. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఉంటుంది. క్రీమ్‌లోని అమ్మోనియా క్షారగుణం వల్ల ఆ పొలుసులు విచ్చుకుంటాయి. పారాఫినైలిన్‌డయమిన్, అంటే పీపీడీ వంటి చిన్న అణువులు లోపలికి చేరతాయి. డెవలపర్‌లోని హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటిని ఆక్సీకరణం చేస్తుంది. అప్పుడవి ఒకదానితో ఒకటి కలిసి పెద్ద రంగు అణువులై లోపలే చిక్కుకుపోతాయి. ముందే కలిపితే ఈ చర్య గిన్నెలోనే ముగుస్తుంది.

అయితే పీపీడీ అందరికీ పడదు. దురద, బొబ్బలు, ముఖం వాపు రావచ్చు. అరుదుగా ఊపిరాడని స్థితీ వస్తుంది. ఏళ్లుగా రంగు వేసుకుంటున్నవారికీ ఉన్నట్టుండి అలర్జీ మొదలుకావచ్చు. అందుకే యూరోపియన్ యూనియన్ తలకు రాసే మిశ్రమంలో పీపీడీని 2 శాతానికి పరిమితం చేసింది.

'అమ్మోనియా లేదు' అంటే పీపీడీ లేదని కాదు. అసలు గోరింటాకు ఎర్రగానే పండుతుంది. నల్లగా పండే 'బ్లాక్ హెన్నా'లో తరచూ పీపీడీ కలుపుతారు.

కాబట్టి 48 గంటల ముందే ప్యాకెట్‌పై సూచించినట్లు ప్యాచ్ టెస్ట్ చేయాలి. చర్మం ఎర్రబడినా, దురద పెట్టినా ఆ రంగు వేయకూడదు. 'ఎప్పుడూ వేసుకునేదే కదా' అని కస్టమర్ తొందరపెట్టినా సరే. రోజూ రంగు కలిపే బ్యూటీషియన్ చేతులకూ ఇదే ముప్పు కనుక గ్లవ్స్ తప్పనిసరి.