బైట్ల క్రమం

కంప్యూటరు మెమరీలో ఒకటికంటే ఎక్కువ బైట్లు గల సంఖ్యను ఏ వరుసలో అమర్చాలో తెలిపే పద్ధతిని బైట్ల క్రమం లేదా ఎండియన్‌నెస్ అంటారు. ఒకే కంప్యూటరులో ప్రాసెసరు ఒక క్రమాన్ని, నెట్‌వర్కు కార్డు, డిస్కు కంట్రోలరు వంటి అడాప్టర్లు మరొక క్రమాన్ని పాటించవచ్చు. ఈ తేడాను సరిచేసే బాధ్యత ప్రధానంగా డ్రైవరు అనే సాఫ్ట్‌వేరుపై ఉంటుంది.

రెండు పద్ధతులు

ఒక బైటులో 0 నుండి 255 వరకు గల సంఖ్యలే ఇముడుతాయి. 258ని నిల్వ చేయడానికి రెండు బైట్లు కావాలి: 1 (256ల స్థానం), 2 (ఒకట్ల స్థానం). పెద్ద స్థానపు బైటును ముందు ఉంచి 1, 2 అని అమర్చితే అది బిగ్ ఎండియన్. చిన్న స్థానపు బైటును ముందు ఉంచి 2, 1 అని అమర్చితే అది లిటిల్ ఎండియన్. ఒక పద్ధతిలో రాసినదానిని మరొక పద్ధతిలో చదివితే 258 కాస్తా 513 అవుతుంది.

మన ప్రాచీన భూతసంఖ్యా పద్ధతిలో కూడా ఒకట్ల స్థానమే ముందు వస్తుంది. "నేత్ర, వేద" అంటే 24 కాదు, 42. ఈ నియమం తెలియనివారు శాసనంలోని సంవత్సరాన్ని తప్పుగా చదువుతారు.

పేరు వెనుక కథ

జొనాథన్ స్విఫ్ట్ రచించిన గలివర్స్ ట్రావెల్స్ (1726)లో గుడ్డును ఏ కొన వైపు పగలగొట్టాలన్న విషయమై కలహించే రెండు వర్గాలు ఉన్నాయి. 1980లో డానీ కోహెన్ ఈ పేర్లను బైట్ల క్రమానికి వర్తింపజేశాడు.

ఏవి ఏ క్రమాన్ని పాటిస్తాయి

ఇంటెల్ 8086 (1978), దాని వారసులు లిటిల్ ఎండియన్. ఐబీఎం సిస్టం/360 (1964), దాని పరంపరలోని నేటి మెయిన్‌ఫ్రేములు బిగ్ ఎండియన్. ఆర్మ్, పవర్‌పీసీ ప్రాసెసర్లలో అనేకం రెండు విధాలుగానూ పనిచేయగలవు. అడాప్టర్లను కలిపే పీసీఐ బస్సు లిటిల్ ఎండియన్ కాగా, ఇంటర్నెట్ ప్రోటోకాల్ శీర్షికలలోని సంఖ్యలు బిగ్ ఎండియన్.

అడాప్టరుతో వచ్చే చిక్కు

సమాచారాన్ని ఎక్కడ ఉంచాలో, అక్కడ ఎంత చోటు ఉందో తెలిపే చిన్న పట్టికను డ్రైవరు మెమరీలో రాస్తుంది. అడాప్టరు దానిని నేరుగా చదువుకొంటుంది. బిగ్ ఎండియన్ ప్రాసెసరుపై డ్రైవరు 64 అనే పొడవును నాలుగు బైట్లుగా, క్రమం మార్చకుండా రాస్తే, లిటిల్ ఎండియన్ అడాప్టరుకు అది 1,07,37,41,824గా కనిపిస్తుంది. అంత చోటు ఉందని భావించి అడాప్టరు ఇతర సమాచారంపై రాసివేయవచ్చు. ఏ హెచ్చరికా రాకపోవచ్చు.

హార్డ్‌వేరే ఎందుకు సరిచేయలేదు

బైట్లు సంఖ్యవో అక్షరాలవో బస్సుకు తెలియదు. సంఖ్యలోని బైట్లను తిప్పాలి. ఒక్కొక్క బైటుగా ఉన్న అక్షరాల వరుసను తిప్పరాదు. రెండేసి బైట్ల చొప్పున అన్నింటినీ తిప్పితే "యు, ఎన్, ఐ, ఎక్స్" అన్న అక్షరాలు "ఎన్, యు, ఎక్స్, ఐ"గా మారతాయి. ఏ అంశం ఎన్ని బైట్లదో తెలిసినది డ్రైవరుకే.

డ్రైవరులో పరిష్కారం

లినక్స్ కెర్నెలులో సీపీయూ_టు_ఎల్ఈ32, ఎల్ఈ32_టు_సీపీయూ వంటి సాధనాలు ఉన్నాయి. ఇవి లిటిల్ ఎండియన్ ప్రాసెసరుపై ఏమీ చేయవు. బిగ్ ఎండియన్ ప్రాసెసరుపై బైట్లను తిప్పుతాయి. అడాప్టరు రిజిస్టరును చదివే రీడ్ఎల్ ఈ మార్పును తానే చేస్తుంది. దాని ఫలితాన్ని మళ్ళీ మార్చితే రెండుసార్లు తిప్పినట్లై విలువ చెడిపోతుంది.

ఇటువంటి పొరపాట్లు ఇంటెల్ యంత్రాలపై బయటపడవు. అక్కడ ఏళ్ళ తరబడి సక్రమంగా పనిచేసిన డ్రైవరు బిగ్ ఎండియన్ యంత్రంపై మొదటిరోజే విఫలం కావచ్చు. అందువల్ల లినక్స్‌లో బైట్ల క్రమాన్ని చలరాశి రకంలోనే సూచిస్తారు. 2003లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన స్పార్స్ అనే ఉపకరణం ఆ రకాలను పరిశీలించి, మార్చకుండా వాడిన చోట్లను ప్రోగ్రాము నడవకముందే చూపుతుంది.