ఆ కోపం బుజ్జాయి మీదా?

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం పాత సామెత. ఇప్పుడు ఇళ్లలో దుత్తలు లేవు. ఆ కోపం చాలాసార్లు పసివాళ్ల మీద పడుతోంది! అన్నం ముద్ద ఉమ్మేశాడని రెండేళ్లవాడి వీపు మీద దెబ్బ పడిందంటే... తప్పు వాడిది కాకపోవచ్చు. రాత్రి అమ్మానాన్నల మధ్య తెగని గొడవది కావచ్చు.

ఎరెల్, బర్మన్ అనే పరిశోధకులు 1995లో 68 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. భార్యాభర్తలు సఖ్యంగా ఉన్నచోట పిల్లలతో అనుబంధమూ బాగుంది. అక్కడ చెడితే ఇక్కడా చెడింది.

మన దేశం సంగతేంటి? గోవాలో విక్రమ్ పటేల్ బృందం జిల్లా ఆసుపత్రికి వచ్చిన 270 మంది గర్భిణులను ఎంచుకుని, కాన్పయ్యాక కూడా వాళ్ల పరిస్థితిని గమనించింది. ఆ ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ప్రసవమైన 6-8 వారాలకు 23 శాతం మంది కుంగుబాటుతో ఉన్నారు. వారిలో సగం మందికి పైగా ఆరు నెలలకూ తేరుకోలేదు. పేదరికంతోపాటు భర్తతో పొసగకపోవడమూ అందుకు ముఖ్య కారణమని తేలింది.

అమ్మ దిగులు బిడ్డకేం తెలుస్తుందిలే అనుకుంటాం. కానీ తెలుస్తుంది! అమెరికాలో ఎడ్వర్డ్ ట్రోనిక్ బృందం 1978లో ఓ ప్రయోగాన్ని ప్రచురించింది. అందులో తల్లులు కాసేపు ఏ భావమూ లేని ముఖంతో బిడ్డల ఎదుట కూర్చున్నారు. నెలల పిల్లలు నవ్వి పలకరించారు. అమ్మ పలకకపోయేసరికి చిన్నబోయి, చివరికి ముఖం తిప్పేసుకున్నారు.

తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం మన ఆచారం. అక్కడ పెద్దావిడ ఆసరా ఉంటుంది. బిడ్డతో అత్తారింటికి వచ్చాకే అసలు పరీక్ష. అప్పుడు ఆ ఆసరా భర్తే అవ్వాలి. రాత్రి బిడ్డ ఏడిస్తే ఆయన లేచి ఎత్తుకుంటే చాలు, ఆమెకు ఓ గంట నిద్ర. 'రోజంతా ఇంట్లోనే ఉన్నావుగా' అనే మాట మింగేస్తే ఇంకా మంచిది.

అసలు గొడవలే లేని సంసారం ఉండదు. పిల్లల ముందు మాటా మాటా అనుకుంటే, రాజీ కూడా వాళ్ల ముందే పడండి. కోపం వస్తుంది, పోతుంది అన్న ధైర్యం వాళ్లకు అలాగే వస్తుంది.

చెయ్యి చేసుకునే భర్త విషయంలో మాత్రం 'సర్దుకుపోమ్మా' అన్న సలహా వద్దు. అలాంటప్పుడు 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. దిగులు రోజుల తరబడి వదలకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు.

బిడ్డకు బొమ్మలు కొనే నాన్నలు చాలామందే ఉన్నారు. ఆ బిడ్డ తల్లిని 'ఎలా ఉన్నావ్?' అని అడగడమూ బిడ్డ కోసం చేసే పనే.