మీకు తెలుసా? ఛాతీలో పళ్లు, వెంట్రుకలు!

● రొమ్ము ఎముక వెనక, గుండెకు ముందున్న ఇరుకు చోట పుట్టే కొన్ని గడ్డల్ని కోసి చూస్తే లోపల కొవ్వు, చర్మం, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా కనిపిస్తాయి. ఇవే టెరటోమాలు. వీటిలో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. ఆపరేషన్‌తో మొత్తం తీసేస్తే చాలు.

● టెరటోమాల్లాంటి గడ్డలు పుట్టేది బీజకణాల నుంచి. వృషణాల్లోనో అండాశయాల్లోనో ఉండాల్సిన ఈ కణాలకు ఛాతీలో ఏం పని? పిండానికి నాలుగైదు వారాలున్నప్పుడు ఈ కణాలు సొన సంచి గోడ నుంచి బయల్దేరి, ఒంటి మధ్యభాగం వెంబడి తమ చోటికి చేరుకుంటాయి. దారి తప్పి ఛాతీలో చిక్కుకున్నవే ఏళ్ల తర్వాత గడ్డ కడతాయని చాలామంది నిపుణుల అభిప్రాయం.

● టెరటోమా చిట్లి శ్వాసనాళంలోకి తెరుచుకుంటే దగ్గినప్పుడు వెంట్రుకలు పడతాయి! చాలా అరుదు. కానీ పడ్డాయంటే జబ్బు పేరు దాదాపు తేలిపోయినట్టే.

● బీజకణాల నుంచి పుట్టే ఈ గడ్డల్లో కొన్ని క్యాన్సర్ రకాలు గర్భిణుల్లో ఊరే హెచ్‌సీజీ హార్మోన్‌ను వదులుతాయి. అందుకే మగవాడికీ ప్రెగ్నెన్సీ టెస్టులో రెండు గీతలు రావొచ్చు.

● క్యాన్సర్ రకాలు దాదాపుగా మగవాళ్లకే, అదీ ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్య వస్తాయి. ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉండే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ.

● ఈ క్యాన్సర్లకు వాడే మందు వేరే దేనికోసమో వెతుకుతుంటే దొరికింది. అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందం బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావాన్ని పరీక్షిస్తుంటే, కణాలు విడిపోకుండా పోగుల్లా సాగాయి. కారణం కరెంటు కాదు, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినం! 1965లో ఆ సంగతి ప్రకటించారు. అలా వచ్చిన సిస్‌ప్లాటిన్‌కు 1978లో అమెరికాలో అనుమతి దక్కింది. సెమినోమా అనే రకంలో ఇప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతికి బయటపడుతున్నారు. మిగతా క్యాన్సర్ రకాలు మాత్రం ఇంకా మొండివే.

● వారాల తరబడి దగ్గు, ఆయాసం, ఛాతీలో నొప్పి, మొహం వాపు ఉంటే దగ్గు మందు సీసాలు మారుస్తూ కూర్చోకండి. ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. రొమ్ము ఎముక వెనక గడ్డ ఉందని తేలితే ఏఎఫ్‌పీ (ఈ గడ్డల్లో కొన్ని వదిలే ఒక ప్రోటీన్), హెచ్‌సీజీ రక్తపరీక్షల గురించి డాక్టర్‌ని తప్పక అడగండి.