మూడు జాబితాల్లో దొరికిన జన్యువు

మీరు పరుగెత్తినా, పాఠం చదివినా, నిద్రపోయినా శరీరానికి శక్తి కావాలి. ఆ శక్తిలో ఎక్కువ భాగాన్ని అందించేవి జీవకణాల్లోని మైటోకాండ్రియాలు. మనం తిన్న ఆహారాన్ని, పీల్చిన ఆక్సిజన్‌ను వాడుకొని అవి ఎ.టి.పి. అనే ఇంధనం తయారుచేస్తాయి.

విచిత్రమేమంటే వాటికి సొంత డి.ఎన్.ఎ. ఉంది! మనిషిలో దాని జన్యువులు 37. వాటిలో ప్రోటీన్లను తయారుచేయించేవి 13 మాత్రమే. మిగతా వెయ్యికి పైగా ప్రోటీన్లకు కణకేంద్రకంలోని జన్యువులే ఆధారం. వాటిలో ఒక్కటి చెడితే ఏమవుతుంది?

కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో ఒక ప్రాంతాన సుమారు 2000 మంది శిశువుల్లో ఒకరు వింతజబ్బుతో పుట్టేవారు. రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి, చాలామంది పసితనంలోనే చనిపోయేవారు. ఆక్సిజన్‌ను వినియోగించే ‘సైటోక్రోమ్ ఆక్సిడేజ్’ ఎంజైము వారిలో తక్కువ. లోపమున్న జన్యువు కేంద్రకంలో 2వ క్రోమోజోము మీద ఒకచోట ఉందని తేలింది. అయితే అక్కడున్న జన్యువుల్లో ఏది?

ఈ చిక్కును విప్పిన బృందంలో ముఖ్యుడు అమెరికాలోని తెలుగు శాస్త్రవేత్త డాక్టర్ వంశీ మూతా. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో గణితం, కంప్యూటర్ లెక్కలు చదివి, తర్వాత హార్వర్డ్‌లో వైద్యం చదివారు.

నాయుడుపేటలో ఒక మనిషిని వెతకాలనుకోండి. పేరు తెలియదు, వీధి తెలుసు. అతడు రైల్వే ఉద్యోగులతోపాటే డ్యూటీకి వెళ్లి వస్తాడనీ, స్టేషన్ లోపల కనిపిస్తాడనీ కూడా తెలిస్తే? ఇట్టే పట్టుకోవచ్చు!

మూతా బృందమూ అలాగే మూడు జాబితాలు పక్కపక్కన పెట్టింది. మొదటిది, క్రోమోజోము మీద ఆ చోటున్న జన్యువులు. రెండవది, మైటోకాండ్రియా జన్యువులతోపాటే హెచ్చుతగ్గులతో పనిచేసే జన్యువులు. మూడవది, మైటోకాండ్రియాలో దొరికిన ప్రోటీన్లు. మూడింటికీ సరిపోయింది ఒక్కటే: ఎల్.ఆర్.పి.పి.ఆర్.సి. రోగుల డి.ఎన్.ఎ.లో ఆ జన్యువే చెడి ఉంది. ఇది 2003 నాటి మాట.

మైటోకాండ్రియా తన జన్యువుల సందేశాన్ని ఆర్.ఎన్.ఎ. నకళ్లుగా రాసుకుంటుంది. ఆ నకళ్లు చెడిపోకుండా కాపాడేది ఈ జన్యువు తయారుచేయించే ప్రోటీనేనని తర్వాత తెలిసింది. కాపలా తగ్గితే నకళ్లు నశిస్తాయి, ఎంజైము తయారీ కుంటుపడుతుంది.

తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగానే ఉండి ఈ లోపాన్ని మోస్తుంటే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. జన్యువు దొరికింది కనుక, లోపం మోస్తున్నదెవరో పరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. జబ్బును పూర్తిగా నయంచేసే మందు మాత్రం ఇంకా రాలేదు.

2008లో మూతా బృందం మైటోకాండ్రియా ప్రోటీన్ల పెద్ద పట్టికను ప్రకటించింది. 2014లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. లెక్కల పుస్తకానికీ జీవశాస్త్రం పుస్తకానికీ సంబంధం లేదని ఇక మీరంటారా?