సైన్సు మాటల్ని విప్పడం ఎలా?

మా అన్నయ్య కూతురు తొమ్మిది పూర్తిచేసి పదికి వచ్చింది. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటారు. వేసవి సెలవుల్లో ఓ మధ్యాహ్నం కరెంటు పోయి, విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నప్పుడు అడిగింది: "బాబాయ్, ఉష్ణం వేరట, ఉష్ణోగ్రత వేరట. రెండూ వేడే కదా, రెండు పేర్లెందుకు?"

నేను చదువుకున్న రోజుల్లో ఈ ప్రశ్న అడిగే ధైర్యం మాకు లేదు. కిరణజన్యసంయోగక్రియను ఊపిరి బిగబట్టి, తడబడకుండా అప్పజెబితే చాలు, మార్కులు పడేవి. అది రైలుబండిలా నాలుగు పెట్టెల మాట అని చాలా ఆలస్యంగా తెలిసింది. కిరణం, జన్యం, సంయోగం, క్రియ. కిరణాల వల్ల పుట్టే, కలిపే పని. ఎండ తగిలితే ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడునూ వేళ్లు పంపిన నీటినీ కలిపి పిండిపదార్థం చేసుకుంటుంది. పాప పాఠ్యపుస్తకంలో ఎదుటి ఇంగ్లిషు పేజీలో ఉన్న ఫోటోసింథసిస్‌ను విప్పినా ఇదే వస్తుంది: గ్రీకులో ఫోటో అంటే వెలుగు, సింథసిస్ అంటే కలపడం.

ఉష్ణోగ్రతనూ అలాగే విప్పమన్నాను. ఉష్ణం, ఉగ్రత. వేడి ఎంత ఉందన్నది కాదు, ఎంత తీవ్రంగా ఉందన్నది. గ్లాసుడు టీ నాలుక కాలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ ఎగువన నిలిచిన కృష్ణ గోరువెచ్చగా ఉంటుంది. ఉగ్రత టీది. కానీ అంత నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే టీ గ్లాసులోని వేడి ఏ మూలకీ రాదు.

"సరే, మరి ఇంత ఉక్కేమిటి?"

ఉక్క అనే మాట సైన్సు పుస్తకంలో కనిపించదు. అక్కడ ఆర్ద్రత అని ఉంటుంది, గాలిలో చెమ్మ. ఆర్ద్ర అంటే తడి. రైతు జూన్ ఇరవై రెండు ప్రాంతంలో ఎదురుచూసే ఆరుద్ర కార్తె పేరూ దీన్నుంచి వచ్చిందే. కొరుకుడు పడని మాట అనుకున్నది తాతయ్య పంచాంగంలో ఎప్పటినుంచో ఉంది. సముద్రం అంత దూరమేమీ కాదు, చుట్టూ కాలవలు. గాలిలో చెమ్మ ముందే నిండి ఉంటే మన చెమట ఆవిరి కాదు. ఆవిరి కాకపోతే ఒళ్లు చల్లబడదు.

ఆవిరైతే ఎందుకు చల్లబడాలి? ఇక్కడే పుస్తకంలో గుప్తోష్ణం అనే మాట వస్తుంది. గుప్తంగా ఉండే ఉష్ణం, దాగిన వేడి. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కేలరీ చాలు. అదే గ్రాము మామూలు ఎండలో ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు తీసుకుంటుంది. తీసుకున్న ఆ వేడితో ఆవిరి ఉష్ణోగ్రత పెరగదు, థర్మామీటరుకు అది చిక్కదు. అందుకే గుప్తం. చలివేంద్రంలోని మట్టికుండ చేసే పని ఇదే. పది లీటర్ల కుండ సన్నటి రంధ్రాల్లోంచి చెమర్చి, వంద గ్రాముల నీళ్లు, అంటే అరగ్లాసు, ఆవిరైతే 58,000 కేలరీలు పోయినట్టు. బయటి వేడి లోపలికి రాకపోతే మిగతా నీళ్లు దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడాలి. ఉక్కరోజున కుండ నీళ్లు అంత చల్లబడవు. పొడి గాలి వీచే అనంతపురంలో బాగా చల్లబడతాయి. కుండకు రంగు వేయించారా, రంధ్రాలు మూసుకుపోతాయి. చూడముచ్చటగానే ఉంటుంది, నీళ్లు మాత్రం వెచ్చగా.

కొన్ని మాటలు విప్పినా లాభం లేదు, అవి తెలిసిన మాటల వేషంలో ఉంటాయి. 'పని' అలాంటిది. హమాలీ బస్తాను నెత్తిన పెట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడితే భౌతికశాస్త్రం లెక్కలో బస్తా మీద అతను చేసిన పని సున్నా. కూలి ఇచ్చేటప్పుడు ఈ లెక్క చెప్పకండి. భారం కూడా అంతే. ఇరవై అయిదు కిలోల బియ్యాన్ని చంద్రుడి మీద స్ప్రింగు కాటాకు వేలాడదీస్తే నాలుగు కిలోల చిల్లర చూపిస్తుంది, ఎందుకంటే అది లాగుడును కొలుస్తుంది. రాళ్లు వేసి తూచే త్రాసు అక్కడా ఇరవై అయిదే అంటుంది. మొదటిది భారం, రెండోది ద్రవ్యరాశి.

"ఇవన్నీ ఎవరు పెట్టారు బాబాయ్?" ఒక్కరు కాదు. పెనుగంచిప్రోలులో 1877లో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు మిత్రులతో కలిసి 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి, చరిత్రతోపాటు శాస్త్రాలనూ తెలుగులో రాయించారు. 1968లో వచ్చిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు వేసింది. సంస్కృతం ఎక్కువైంది నిజమే. ఆ ధాతువులు సులువుగా అతుక్కుంటాయి, పక్క భాషలతోనూ కలుస్తాయి. అయినా 'ఆవిరి కావడం' ఉండగా 'బాష్పీభవనం'తోనే మొదలుపెట్టడం నాకు నచ్చదు. పిల్లలకు ముందు ఆవిరి చెప్పి, తర్వాత బాష్పం చెప్పాలి.

పాఠ్యపుస్తకం రాసినవాళ్లు ఒకచోట ఆ పనే చేశారు. మిశ్రమాలను వేరుచేసే పాఠంలో జల్లించడం, తూర్పారబట్టడం, తేర్చడం, వడపోత ఉన్నాయి. అవి కళ్లంలోంచీ వంటింట్లోంచీ నేరుగా వచ్చిన మాటలు. కాలవ నీళ్లే తాగునీళ్లయిన రోజుల్లో కృష్ణకు వరదొస్తే కుండలో నీళ్లు ఎర్రగా ఉండేవి. మా నాయనమ్మ ఇండుపగింజను గరుకు రాతి మీద అరగదీసి ఆ గంధం కుండలో కలిపేది. పొద్దుటికి మట్టి అడుగున, తేట పైన. దాన్నే 'తేరడం' అనేది. పటిక తిప్పినా అంతే. బంకమట్టి రేణువులన్నింటికీ రుణావేశం ఉండి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే నీళ్లలో తేలుతుంటాయి. పటికలోని ధనావేశం ఆ తోపులాటను ఆపుతుంది. గింజలోని జిగురు రేణువులను జట్టు కట్టిస్తుంది. ముద్ద కట్టినవి బరువెక్కి దిగిపోతాయి. పుస్తకంలో దీని పేరు స్కందనం. గాయం దగ్గర నెత్తురు గడ్డకట్టడాన్నీ రక్తస్కందనం అనే అంటారు.

ఇప్పుడు ఆ కుండను పెద్దది చేసి చూడమన్నాను. పులిగడ్డ దాటాక కృష్ణ చీలి, సముద్రం దగ్గర నెమ్మదిస్తుంది. మోసుకొచ్చిన మట్టి దిగడం మొదలవుతుంది. ఉప్పునీరు తగిలేసరికి, పటిక చేసిన పనే ఉప్పులోని ధనావేశం చేస్తుంది, రేణువులు ముద్దకడతాయి. అలా పేరుకున్నదే ఒండ్రు. ఒండ్రు పరుచుకున్న మూడుమూలల నేలకు గ్రీకులు తమ 'డెల్టా' అక్షరం పేరు పెట్టారు. మనం వరి పండించుకుంటున్నది దాని మీదే.

పాప నోట్సులో తేర్చడం పక్కన "నాయనమ్మ కుండ" అని రాసుకుంది. మీ పిల్లల పుస్తకంలోనూ ఆ పాఠం ఉంటుంది. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే, ట్యూషన్ మాస్టారి కంటే ముందు ఆమెను అడిగించండి.