ఏ జట్టుకు ఏ ‘ఎజైల్’?

ముగ్గురు కోడ్ రాసేవాళ్లు. ముగ్గురు దాన్ని పరీక్షించేవాళ్లు. 2004లో హైదరాబాద్‌లో కూర్చుని ఆ ఆరుగురూ చేసేది... అమెరికాలోని మైక్రోసాఫ్ట్ తన సొంత అవసరాలకు వాడుకునే సాఫ్ట్‌వేర్‌లలో చిన్నచిన్న మార్పులూ మరమ్మతులూ. అందరూ ఒళ్లొంచి పనిచేసేవాళ్లే. అయినా ఆ కంపెనీ ఐటీ విభాగంలో ‘వీళ్లతో వేగలేం బాబూ’ అన్న పేరు ఆ జట్టుకే! ఒక మార్పు అడిగితే చేతికొచ్చేసరికి అయిదు నెలలు. క్యూలో ఎనభైకి పైగా పనులు.

తప్పు మనుషుల్లో ఉందా, పద్ధతిలో ఉందా? సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇప్పటికీ తెగని తగువు ఇది. దానికి ‘ఎజైల్’ అనే మందుంది కానీ, అది ఒక్క మాత్ర కాదు, మందుల పెట్టె!

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిశారు. ఏడాది పాటు కాగితాల మీద ప్రణాళికలు గీసి, చివర్లో ‘మాకు కావాల్సింది ఇది కాదు’ అనిపించుకోవడంతో విసిగిపోయినవాళ్లు. కొంచెం కొంచెంగా చేసి చూపించండి, మార్పు వస్తే దానికి తగ్గట్టు మారండి... స్థూలంగా వాళ్ల ప్రకటన సారాంశం అదే. ఎలా చేయాలో మాత్రం అందులో లేదు. ఆ ‘ఎలా’ దగ్గరే స్క్రమ్, కాన్‌బాన్, ఎక్స్‌పీ అంటూ రకరకాల దారులు.

ఎక్కువమందికి తెలిసింది స్క్రమ్. రగ్బీ ఆటలో ఆటగాళ్లు భుజాలు కలిపి బంతి కోసం నెట్టుకునే పద్ధతి పేరది. 1986లో ఇద్దరు జపాన్ ఆచార్యులు ఒక వ్యాసంలో కొత్త వస్తువులు తయారుచేసే జట్లను ఈ ఆటతో పోల్చారు. జెఫ్ సదర్లాండ్, కెన్ ష్వేబర్ దాన్ని సాఫ్ట్‌వేర్‌కు తెచ్చారు. పదిమందికి మించని జట్టు, నెలకు మించని ‘స్ప్రింట్’, రోజూ పావుగంట సమావేశం. స్ప్రింట్ చివర్లో పనిచేసే వస్తువేదో చూపించాలి. కొత్త యాప్ కడుతున్నవాళ్లకు ఇది బాగా నప్పుతుంది. రెండు వారాలకోసారి వాడేవాళ్లకు చూపిస్తే దారి తప్పకుండా ఉంటుంది కదా!

మరి రోజంతా ‘సర్వర్ పడిపోయింది’ అంటూ ఫోన్లొచ్చే సపోర్టు జట్టుకో? సోమవారం వేసుకున్న ప్రణాళిక మంగళవారానికే గాల్లో కలిసిపోతుంది. అయినా పై ఆఫీసు చెప్పిందని స్క్రమ్ చేస్తూనే ఉంటారు. పావుగంట సమావేశం కాస్తా మేనేజరు ముందు హాజరు పలకడంలా తయారవుతుంది. నిజానికది జట్టు సభ్యులు తమలో తాము మాట్లాడుకోవడానికి పెట్టింది!

కోడ్ రాసే తీరులోనే లోపముంటే స్క్రమ్ దాన్ని సరిచేయదు. ముందు పరీక్ష రాసుకుని తర్వాత కోడ్ రాయడం, ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చోవడం లాంటివి కెంట్ బెక్ రూపొందించిన ఎక్స్‌పీలో ఉంటాయి. ఇక యాభై నుంచి నూటపాతిక మంది కలిసి చేసే పనులకు ‘సేఫ్’. ఏడుగురున్న ఆఫీసులో దాన్ని తెచ్చి పెడితే ఇంటికన్నా గుమ్మం పెద్దదయినట్టే.

ఇంతకీ హైదరాబాద్ జట్టు ఏమైంది? కొత్తగా బాధ్యత తీసుకున్న డ్రాగోస్ డుమిట్రియు, సహోద్యోగి డేవిడ్ ఆండర్సన్ సాయంతో అసలు రోజంతా ఏం జరుగుతోందో చూశారు. కొత్త పని ఏదొచ్చినా ఎన్నాళ్లు పడుతుందో 48 గంటల్లో చెప్పాలి. అందుకోసం ఒక డెవలపరూ ఒక టెస్టరూ చేతిలో పని వదిలేసి పాత కోడ్ తవ్వాలి. జట్టు శక్తిలో దాదాపు మూడోవంతు ఆ అంచనాలకే ఖర్చు. తీరా లెక్క కట్టినవాటిలో చాలావాటిని చేయనే చేయరు. పెళ్లిచూపులకే పుణ్యకాలం కాస్తా గడిచిపోతోందన్నమాట!

అంచనాలు ఆపేశారు. ఒకేసారి చేతిలో ఇన్నే పనులుండాలని పరిమితి పెట్టారు. ఒకటి పూర్తయితేనే మరోటి. టయోటా కార్ల ఫ్యాక్టరీలో తైచీ ఓనో ప్రవేశపెట్టిన కాన్‌బాన్ సూత్రమిదే. ముగ్గురూ ముగ్గురుగా ఉన్న జట్టును నలుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లుగా మార్చారు. నెలకోసారి జరిగే ప్రాధాన్యాల చర్చ పోయి వారానికో ఫోన్ సమావేశం వచ్చింది. అడిగే ప్రశ్న ఒక్కటే... ‘ఖాళీ అయింది, ఇప్పుడు ఏది ముందు కావాలి?’ తీసుకున్న పనిని 25 రోజుల్లో ఇస్తామని మాటిచ్చారు.

స్ప్రింట్లు లేవు. ఎవరినీ తీసేయలేదు. తర్వాతెప్పుడో ఇద్దరు తోడయ్యారు కానీ అప్పటికే పని ఊపందుకుంది. అయిదు నెలలు పట్టేది సగటున రెండు వారాలకు దిగింది. 2005 నవంబరులో క్యూ ఖాళీ!