నాణెం మీద గీత: టంకశాల తప్పా, తర్వాత తగిలిన దెబ్బా?

మా వీరపునాయునిపల్లెలో ఒక పెద్దాయన గీత పడిన రెండు రూపాయల నాణెం చూపించి, "లచ్చలు పలుకుతాదంట, ముందు ఫీజు కట్టమంటాండారు. కట్టాల్నా అబ్బీ?" అన్నాడు.

గోటితో తడిమి చూడండి. టంకశాలలో అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం దూరుతుంది, నాణెం మీద గీత ఉబ్బెత్తుగా వస్తుంది. తర్వాత గీసుకుపోతే గుంట పడుతుంది, దాని అంచుల్లో లోహం లేస్తుంది. సంవత్సరం కింద ఉండే హైదరాబాద్ నక్షత్రం, నోయిడా చుక్క కూడా ఉబ్బెత్తే. కోల్‌కతా నాణేలకు గుర్తే ఉండదు, కాబట్టి గుర్తు లేదని అరుదైనది అనుకోవద్దు.

పెద్దాయన నాణెం మీద ఉన్నది గుంట. అంటే దాని విలువ రెండు రూపాయలే. పాత నాణేల పేరుతో కమిషన్లు, పన్నులు అడిగేవాళ్లను నమ్మొద్దని 2021 ఆగస్టులోనే రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది. అదే చెప్పినా. ఆయన ఫీజు కట్టలేదు.